బీపీ మామూలుగానే ఉన్నవాళ్లకు ఉప్పు వల్ల నష్టమేమిటి?

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి క్లుప్తంగా చెప్పుకుని జవాబులోకి వెళ్తాను. మీ వయసు 36. బీపీ 118/76 ఉంది, షుగర్ లేదు, కిడ్నీ పరీక్షలు సవ్యంగా ఉన్నాయి, వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతారు. భోజనంలో ఆవకాయో గోంగూరో రోజూ ఉంటుంది, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు కావాలి, మజ్జిగలో ఉప్పు వేసుకుంటారు. ఇంట్లోవాళ్లు ఉప్పు తగ్గించమంటున్నారు. అది బీపీ ఉన్నవాళ్లకు చెప్పే మాట కదా, నాలాంటి ఆరోగ్యవంతుడికి ఎందుకు అన్నది మీ సందేహం. చెమట బాగా పట్టేవాళ్లకు ఉప్పు ఎక్కువ కావాలన్న మాట నిజమేనా అనీ, మామూలు ఉప్పు మాని సైంధవ లవణం వాడితే సరిపోతుందా అనీ కూడా అడిగారు.

ముప్పై ఏళ్లకు పైగా జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఇది బాగా పరిచయమైన ప్రశ్న. నష్టం ఉంది. అయితే అది ఈ ఏడో వచ్చే ఏడో కనబడే నష్టం కాదు. ఏటా కొంచెం కొంచెంగా పేరుకుని, యాభై ఐదో అరవయ్యో ఏట బయటపడే రకం. 118/76 అన్న అంకె ఈరోజు మీ రక్తనాళాలు ఎలా ఉన్నాయో చెబుతుంది గానీ, ఇదే తిండితో ఇంకో ఇరవై ఏళ్లు గడిస్తే ఎలా ఉంటాయో చెప్పదు. మీ ప్రశ్నలో "ఆరోగ్యవంతుడు" అన్న మాట దగ్గరే నేను కాస్త ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే నా దగ్గరకు బీపీతో వచ్చినవాళ్లలో దాదాపు అందరూ అంతకు పదేళ్ల ముందు ఆ మాటకు పూర్తిగా తగినవాళ్లే.

కొలతల సంగతి ముందు తేల్చుకుందాం, లేకపోతే తర్వాతి మాటలన్నీ గాలిలో ఉంటాయి. ఉప్పు బరువులో సుమారు 40 శాతం సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాములకు లోపు సోడియం చాలంటుంది. ఉప్పులో చెప్పుకుంటే అది 5 గ్రాములు, అంటే పైన సమంగా తుడిచిన ఒక చిన్న చెంచాడు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఆ 5 గ్రాములే. ప్రపంచ సగటు వాడకం మాత్రం 10 గ్రాములు దాటింది. ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని సేకరించి కొలిచి, 2017లో ప్రచురించిన ఒక సర్వేలో ఢిల్లీ, హర్యానాల్లో సగటున 8.6 గ్రాములు తేలితే, ఆంధ్రప్రదేశ్‌లో 9.5 గ్రాములు తేలింది. మీరు చెప్పిన భోజనాన్ని బట్టి మీరు ఆ సగటు దగ్గరో, దానికి కొంచెం పైనో ఉండవచ్చు.

ఇంత ఉప్పు ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో చూద్దాం. రక్తంలో సోడియం సాంద్రతను శరీరం చాలా తక్కువ హద్దుల మధ్యే ఉంచుతుంది, కాబట్టి ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు సోడియం పెరగడం కన్నా దానికి తగినంత నీరు నిలవడమే ముందు జరుగుతుంది. దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, రక్త పరిమాణం కొద్దిగా పెరుగుతుంది. ఆ అదనపు ఉప్పును బయటికి నెట్టే పని కిడ్నీలది. మంచి కిడ్నీలు పెద్దగా ఒత్తిడి పెంచకుండానే ఆ పని చేసేస్తాయి. వయసుతో పాటు, లేదా పుట్టుకతోనే, ఆ సామర్థ్యం కొంచెం తక్కువగా ఉన్న కిడ్నీలు అదే ఉప్పును వెళ్లగొట్టాలంటే ఎక్కువ ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడే మనం బీపీ యంత్రంలో చూసే అంకె. అంటే బీపీ పెరగడం ఒక విధంగా ఉప్పును బయటికి పంపడానికి శరీరం చెల్లించే మూల్యం. ఆ మూల్యాన్ని గుండె, మెదడులోని సన్నటి నాళాలు, చివరికి ఆ కిడ్నీలు కూడా కలిసి భరిస్తాయి.

వయసు పెరిగితే బీపీ పెరగడం సహజమేనని మనవాళ్లు అనుకుంటారు, నేను చదువుకునే రోజుల్లో కొందరు వైద్యులు కూడా అలాగే అనేవారు. 1988లో ప్రచురితమైన ఇంటర్‌సాల్ట్ అనే పెద్ద అధ్యయనం ఆ నమ్మకాన్ని బాగా కదిలించింది. 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా మనుషుల మూత్రంలో సోడియం కొలిచి, వాళ్ల బీపీతో పోల్చి చూశారు. బ్రెజిల్ అడవుల్లోని యానోమామీలు సహా నాలుగు మారుమూల సమాజాలు ఉప్పు అతి తక్కువగా తినేవి. ఆ నాలుగు చోట్లా బీపీ తక్కువగా ఉంది, వయసుతో పాటు పెరగడమూ దాదాపు లేదు. యానోమామీల సగటు బీపీ 95/61 దగ్గర ఉంది. వాళ్ల జీవితానికీ మనదానికీ ఇంకా చాలా తేడాలు ఉన్నాయి, వాళ్లలో మద్యం లేదు, ఊబకాయం లేదు, కాబట్టి ఇదంతా ఉప్పు మహిమే అని నేననను. కానీ 1995లో వెలువడిన చింపాంజీల ప్రయోగంలో ఆ చిక్కు లేదు. పళ్లు, కూరగాయలు తినే చింపాంజీల గుంపులో కొన్నింటికి మాత్రమే ఆహారంలో ఉప్పును క్రమంగా రోజుకు 15 గ్రాముల దాకా పెంచారు. ఇరవై నెలల్లో వాటి బీపీ పై అంకె సగటున 33 పాయింట్లు పెరిగింది, ఉప్పు ఆపేసిన ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వచ్చింది. అవి మొదలుపెట్టేనాటికి ఆరోగ్యంగా ఉన్న జంతువులే. వాటిలో కొన్నింటి బీపీ బాగా పెరిగింది, కొన్నింటిది అంతగా పెరగలేదు.

ఆ చివరి మాట మనుషులకూ వర్తిస్తుంది. ఒకే ఉప్పు తిన్న ఇద్దరిలో ఒకరి బీపీ గట్టిగా స్పందిస్తుంది, మరొకరిది కదలదు. 1986లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో బీపీ మామూలుగా ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మంది ఉప్పుకు అలా స్పందించే రకమని తేలింది. అలాంటివాళ్లను పాతికేళ్లకు పైగా గమనించిన తర్వాత 2001లో ప్రచురించిన ఫలితం నా దృష్టిలో మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది: మొదట బీపీ మామూలుగానే ఉన్నా, ఉప్పుకు స్పందించే స్వభావం ఉన్నవాళ్లలో మరణాల రేటు బీపీ ఉన్నవాళ్ల రేటుకు దగ్గరగా ఉంది. మీరు ఏ రకమో క్లినిక్‌లో సులువుగా చేసే పరీక్షతో తేల్చలేం. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా యాభై ఏళ్లలోపే బీపీ వచ్చి ఉంటే మాత్రం, మీరు ఆ నాలుగో వంతులో ఉన్నారనుకుని నడుచుకోవడమే మేలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం మందికి బీపీ ఉంది, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ శాతం అంతకన్నా ఎక్కువే.

ఉప్పు తగ్గిస్తే బీపీ లేనివాళ్లకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా అంటే, మూడు ప్రయోగాలు ప్రస్తావించాలి. 2001 నాటి డ్యాష్ సోడియం ప్రయోగంలో 412 మందికి భోజనం తయారుచేసి ఇచ్చి, ఉప్పును మూడు స్థాయిల్లో మార్చి చూశారు. వాళ్లలో సగానికి పైగా బీపీ జబ్బు లేనివాళ్లు, అయితే చాలామందిది మీకన్నా కొంచెం పైన, 120 దాటిన బీపీ. ఎక్కువ ఉప్పుతో కూడిన మామూలు అమెరికన్ తిండితో పోలిస్తే, తక్కువ ఉప్పుతో పాటు కూరగాయలు, పళ్లు, పాలు ఎక్కువగా ఉన్న తిండి తిన్నప్పుడు బీపీ జబ్బు లేనివాళ్లలో కూడా పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది. రెండవది, దిగువ అంకె ఎనభైలలో ఉండి ఇంకా జబ్బు రాని, 30 నుంచి 54 ఏళ్ల వయసువాళ్ల మీద అమెరికాలోనే జరిగింది. రోజుకు సుమారు రెండు నుంచి రెండున్నర గ్రాముల ఉప్పు తగ్గేలా వాళ్లకు ఒకటిన్నర నుంచి నాలుగేళ్లు శిక్షణ ఇచ్చారు, ఆ తర్వాత పది పదిహేనేళ్లు గమనించారు. తగ్గించిన గుంపులో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు పాతిక శాతం తక్కువ వచ్చాయని 2007లో తేల్చారు. మూడవది చైనాలోని వృద్ధుల వసతి గృహాల్లో జరిగింది. బీపీ లేని వృద్ధుల వంటలో ఉప్పు బదులు, కొంత సోడియం తీసేసి పొటాషియం కలిపిన ఉప్పు వాడినప్పుడు కొత్తగా బీపీ రావడం 40 శాతం తగ్గిందని 2024లో ప్రచురించారు. బీపీ వచ్చాక తగ్గించడం ఒకటి, అసలు రాకుండా ఆపడం ఇంకొకటి. మీకు పనికొచ్చేది ఈ రెండోది.

బీపీ అంకె కదలకపోయినా జరిగే నష్టాలు ఉన్నాయి, వాటిని మనవాళ్లు అసలు పట్టించుకోరు. ఉప్పు బాగా ఎక్కువైన ఒక్క భోజనం తర్వాత కూడా రక్తనాళాలు వ్యాకోచించే శక్తి కాసేపు తగ్గుతుందని ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగాల్లో కనబడింది. ఉప్పుకు బీపీ స్పందించని మనుషుల్లో కూడా ఇది కనబడిందన్నది గమనించాలి. ఇక కిడ్నీ రాళ్ల సంగతి. కిడ్నీ సోడియాన్ని బయటికి పంపేటప్పుడు దానితో పాటు కాల్షియం కూడా పోతుంది. రోజుకు అదనంగా తిన్న ప్రతి 6 గ్రాముల ఉప్పుకు సుమారు 40 మిల్లీగ్రాముల కాల్షియం మూత్రంలోకి వెళ్తుంది. ఎండలో తిరిగి నీళ్లు సరిగ్గా తాగని మన ప్రాంతపు మనిషికి ఆ చిక్కటి మూత్రంలో రాళ్లు ఏర్పడడానికి ఇది బాగా అనువైన పరిస్థితి. పదేపదే రాళ్లు వచ్చే 120 మంది పురుషుల మీద ఇటలీలో చేసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కాల్షియం తగ్గించినవాళ్ల కన్నా, కాల్షియం మామూలుగా తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లకు ఐదేళ్లలో రాళ్లు మళ్లీ రావడం దాదాపు సగానికి తగ్గింది. రాళ్లొచ్చాయని పాలు, పెరుగు మానేసి ఊరగాయ మాత్రం మానని రోగులను నేను ఎందరినో చూశాను, వాళ్లకు ఈ విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

కడుపు క్యాన్సర్ గురించి కూడా వినే ఉంటారు. ఉప్పులో ఊరబెట్టి నిల్వచేసిన ఆహారానికీ ఆ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధానికి ఆధారాలు ప్రధానంగా జపాన్, కొరియా, చైనాల నుంచి, అక్కడి ఉప్పు చేపల మీద, ఉప్పులో ఊరిన కూరగాయల మీద వచ్చాయి. వాటిని యథాతథంగా ఆవకాయకు అంటగట్టడం నాకు న్యాయంగా తోచదు. రోజూ ఉప్పు చేపలు తినే కోస్తావాళ్లు మాత్రం దీన్ని మనసులో ఉంచుకోవాలి.

ఇప్పుడు అవతలి వాదన కూడా చెప్పకపోతే జవాబు ఏకపక్షమవుతుంది. లక్ష మందికి పైగా మనుషులతో, భారతదేశాన్ని కూడా కలుపుకుని జరిగిన ప్యూర్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2014లో వేరే మాట చెప్పింది. రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం, అంటే సుమారు 7.5 నుంచి 15 గ్రాముల ఉప్పు తినేవాళ్లకే ముప్పు అన్నింటికన్నా తక్కువనీ, అంతకు తక్కువ తిన్నా ఎక్కువ తిన్నా ముప్పు పెరుగుతుందనీ ఆ పరిశోధకులు రాశారు. ఉప్పు తగ్గించవద్దనేవాళ్లు ఇప్పటికీ దీన్నే చూపిస్తారు. అందులో నాకు కనబడే లోపం కొలత దగ్గరే ఉంది. వాళ్లు రోజంతటి మూత్రం సేకరించలేదు, ఉదయం ఒక్కసారి ఇచ్చిన నమూనా నుంచి లెక్కగట్టారు. మనిషి తినే ఉప్పు రోజురోజుకూ మారుతుంది కనుక ఆ లెక్క ఒక్కో మనిషి విషయంలో బాగా తప్పే అవకాశం ఉంది. పైగా అప్పటికే అనారోగ్యంగా ఉండి తిండి తగ్గినవాళ్లు కూడా "తక్కువ ఉప్పు" గుంపులో చేరిపోతారు. ఆ తర్వాత 2022లో, ఆరు అధ్యయనాల నుంచి 10,709 మంది సాధారణ ఆరోగ్యవంతులను తీసుకుని, ఒక్కొక్కరికీ కనీసం రెండుసార్లు ఇరవై నాలుగు గంటల మూత్రం కొలిచిన లెక్కలు ప్రచురించారు. అందులో ప్రతి 1,000 మిల్లీగ్రాముల సోడియం పెరుగుదలకూ గుండెజబ్బు, పక్షవాతాల ముప్పు 18 శాతం పెరిగింది, తక్కువ తిన్నవాళ్లలో ముప్పు పెరగడం కనబడలేదు. నేను ఈ రెండో లెక్కనే ఎక్కువగా నమ్ముతాను. అలాగని 18 శాతం అన్న మాటకు హడలిపోవలసిన పని కూడా లేదు. ఆ పదివేల మందిలో తొమ్మిదేళ్లకు కాస్త తక్కువ కాలంలో జబ్బు వచ్చినవాళ్లు 571 మంది, అంటే నూటికి ఐదుగురు చొప్పున. మీ వయసులో ఆ సంఖ్య ఇంకా తక్కువ. వచ్చే పదేళ్లకు మీకు తేడా చిన్నదే, మిగతా జీవితం మొత్తానికి లెక్కవేసుకుంటే చిన్నది కాదు.

చెమట సంగతికి వస్తాను. లీటరు చెమటలో సగటున ఒక గ్రాముకు కొంచెం తక్కువ సోడియం పోతుంది. మీరు ముప్పావు గంట పరుగెత్తి ముప్పావు లీటరు చెమట కార్చారనుకున్నా, పోయేది ఉప్పు లెక్కలో రెండు గ్రాముల లోపే. రోజుకు తొమ్మిదిన్నర గ్రాములు తినే మనిషి అవసరం కన్నా నాలుగున్నర గ్రాములు ముందే ఎక్కువ తింటున్నాడు, కాబట్టి పరుగు కోసం మజ్జిగలో ప్రత్యేకంగా ఉప్పు కలుపుకోనవసరం లేదు. మే నెల ఎండలో రోజంతా ఇటుక బట్టీలోనో, రోడ్డు పనిలోనో, పొలంలోనో కష్టపడేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లు ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, వాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి నిజంగా అవసరం. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ కూడా అంతే, అది మందు. అదే ఓఆర్ఎస్ ఏసీ గదిలో కూర్చుని రోజూ తాగే పానీయంగా మారడం మాత్రం నాకు ఆందోళన కలిగిస్తోంది.

మీరు ఎంత తింటున్నారో తెలుసుకోవడానికి మన ఇళ్లలో ఒక సులువైన దారి ఉంది. అమెరికాలో మనిషి తినే సోడియంలో దాదాపు 70 శాతం ప్యాకెట్లలోనో హోటళ్లలోనో ముందే కలిసిపోయి వస్తుంది. మన దగ్గర ఇంకా ఎక్కువ భాగం వంటింటి ఉప్పు డబ్బా నుంచే వస్తుంది, కాబట్టి దాన్ని కొలవగలం. కొత్త కిలో ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున అది 50 రోజులు రావాలి. నెలకే అయిపోతే మనిషికి ఎనిమిది గ్రాములు దాటినట్టే. వేసవిలో పచ్చళ్లకు వాడిన ఉప్పును ఇందులోంచి తీసివేసి, రోజూ తినే పచ్చడి లెక్క విడిగా కలపాలి. ఏడాదంతా నిలవాల్సిన ఊరగాయలో బరువులో సుమారు పదో వంతు ఉప్పు ఉంటుందనుకుంటే, అన్నంలో కలుపుకునే పదిహేను గ్రాముల ముద్దతో గ్రామున్నర లోపలికి పోతుంది, అంటే రోజంతటి కోటాలో మూడో వంతుకు కాస్త తక్కువ. ఊరమిరపకాయలు, అప్పడాలు, ఒడియాలు దానికి పైన. బజ్జీలు, పునుగుల్లో వేసే వంట సోడాలోనూ, కడుపుబ్బరానికి నీళ్లలో వేసుకుని తాగే పొంగే పొడుల్లోనూ సోడియమే ఉంటుందని చాలామందికి తెలియదు. ప్యాకెట్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటే దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 1,200 అని ఉంటే మూడు గ్రాములన్నమాట. అమెరికాలో ఉంటూ ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చళ్లతో పాటు అక్కడి బ్రెడ్డు, పిజ్జా, సూపులు తినే మన పిల్లలకు రెండు వైపుల నుంచీ ఉప్పు చేరుతుంది.

సైంధవ లవణం గురించి ఒక్క మాట. రంగు, ధర వేరే గానీ దానిలోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. మిగతా ఖనిజాలు ఉన్నా లెక్కలోకి రానంత స్వల్పం. పైగా సాధారణంగా అందులో అయోడిన్ కలపరు, అందువల్ల ఇంట్లో గర్భిణులో చిన్నపిల్లలో ఉన్నప్పుడు పూర్తిగా దానికి మారిపోవడం మంచిది కాదు. అయోడిన్ ఉప్పునే తక్కువగా వాడండి. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు వేరే వస్తువు, దానికి పైన చెప్పిన ఆధారాలు ఉన్నాయి, మీ కిడ్నీలు బాగున్నాయి కనుక మీరు వాడవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, పొటాషియం పెంచే రకం బీపీ మందులు వాడేవాళ్లూ వైద్యుణ్ణి అడగకుండా దాన్ని ముట్టకూడదు, వాళ్ల రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లు ఎంత ఆరోగ్యంగా కనబడుతున్నా ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని తీరాలి, అక్కడ కిడ్నీ జబ్బు పైకి ఏ సూచనా లేకుండానే చాలామందిలో ఉంటుంది.

తగ్గించేటప్పుడు ఒక్కసారిగా తగ్గించకండి, రెండో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. ముందు మజ్జిగలోనూ పెరుగన్నంలోనూ ఉప్పు ఆపండి, అన్నం వార్చే నీళ్లలో వేసే అలవాటుంటే అదీ ఆపండి. కూరలో వేసే ఉప్పును రెండు వారాలకొకసారి పావు చెంచా చొప్పున తగ్గిస్తూ, ఆ లోటును నిమ్మరసం, చింతపండు, అల్లం, కరివేపాకు, జీలకర్రతో పూరించండి. రెండు మూడు నెలల్లో నాలుక కొత్త రుచికి అలవాటు పడుతుంది, అప్పుడు పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది. ఆవకాయ మానమని నేను చెప్పను, నేనూ మానలేదు. రోజూ రెండు పూటలా తినేదాన్ని వారానికి రెండు మూడు రోజులకు తెచ్చుకుని, ముద్దకు ముక్కను అద్దుకుని తింటున్నాను. ఇంట్లో బీపీ చూసుకునే యంత్రం ఉంటే ఆరునెలలకొకసారి, ఉదయం, అయిదు నిమిషాలు కూర్చున్న తర్వాత చూసుకుని రాసిపెట్టుకోండి. ఆ చీటీలో పై అంకె ఏటా ఒకటి రెండు చొప్పున ఎక్కుతున్నట్టు కనబడితే, బీపీ జబ్బు అని తేలేదాకా ఆగకుండా అప్పుడే ఉప్పు ప్యాకెట్ మీద రాసిన తేదీని కూడా తీసుకుని మీ వైద్యుణ్ణి కలవండి.